దయకు కూడా హోంవర్క్ ఉంది

ఇంగ్లండ్‌లో పిల్లలకు ప్రైమరీ స్కూలు వెతికేటప్పుడు మన తెలుగువాళ్లం చూసేవి రెండే. ఇంటికి ఎంత దూరం, ఆఫ్‌స్టెడ్ (స్కూళ్లను తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ) రిపోర్టు ఎలా ఉంది. ఆ రెండూ కుదిరితే స్కూలు పేరులో 'సెయింట్' అని ఉన్నా, 'చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్' అని ఉన్నా పెద్దగా ఆలోచించం. ప్రభుత్వ నిధులతో నడిచే ప్రైమరీ స్కూళ్లలో దాదాపు నాలుగో వంతు ఆ చర్చివే కాబట్టి మన పిల్లలు వాటిలో చదవడం వింత కాదు. పట్టింపు మొదలయ్యేది తర్వాత. పాప ఒకరోజు ఇంటికొచ్చి గుడ్ సమారిటన్ కథ చెబుతుంది. హార్వెస్ట్ ఫెస్టివల్‌కి (పంటల పండుగకి), లేనివాళ్లకు తిండి సరుకులిచ్చే ఫుడ్ బ్యాంకు కోసం ఏదైనా టిన్ను పంపమని స్కూలు నుంచి లెటర్ వస్తుంది. నవంబరులో, తోటివాళ్లను ఏడిపించొద్దని చెప్పే యాంటీ బుల్లీయింగ్ వీక్ అని రెండు కాళ్లకు రెండు రకాల సాక్సులు వేసి పంపమంటారు. ఇక మన వాట్సాప్ గ్రూపుల్లో మొదలు: ఇవన్నీ ఎందుకండీ, ఆ టైములో ఇంకో లెక్కల క్లాసు పెట్టొచ్చు కదా?

నేను అనుకునేది సూటిగా చెబుతాను. ఆ స్కూళ్లు మన పిల్లల కోసం చేస్తున్న పనుల్లో కష్టమైనదీ విలువైనదీ ఇలా దయనూ విలువలనూ నేర్పడమే. దాన్ని సగంలో వదిలేస్తున్నది మన ఇళ్లు.

క్రైస్తవ బడి మనకు కొత్తేమీ కాదు. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ 1843లో బడి పెట్టిన నాటి నుంచి ఎన్ని తరాలు మిషన్ స్కూళ్లలో, కాన్వెంట్లలో చదువుకున్నాయో. మనలో చాలామందికి మోరల్ సైన్స్ అని ఒక పీరియడ్ ఉండేది. దానికో పుస్తకం, పాఠం చివర ప్రశ్నలు, పరీక్ష, మార్కులు. 'సత్యమే పలకవలెను' అని బట్టీ పట్టి రాస్తే పదికి పది వచ్చేవి. విలువలంటే అలా రాసి పాసయ్యే సబ్జెక్టు అనే అలవాటు మనకు అక్కడే పడింది. అందుకే మార్కులు లేని పనికి ఇక్కడి స్కూలు ఇంత సమయం ఎందుకు ఇస్తోందో మనకు అంతుపట్టదు.

ఇక్కడి చర్చి స్కూళ్ల చరిత్ర వేరు. పేదపిల్లలకు చదువు చెప్పడానికి చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ తరఫున నేషనల్ సొసైటీ 1811లో పుట్టింది. సర్కారు సొంతంగా బడులు పెట్టే ఏర్పాటు 1870 చట్టంతో గానీ రాలేదు. అంటే బడి కట్టిన చెయ్యి మొదట చర్చిది, ఆ తర్వాతే ప్రభుత్వానిది. ఇప్పుడు జీతాలూ పాఠ్యప్రణాళికా దాదాపు అన్నీ ప్రభుత్వ లెక్క ప్రకారమే నడుస్తున్నా, ఫలానా విలువల మీద ఈ బడి నిలబడింది అని గోడ మీద రాసుకోవడం, దానికి కట్టుబడటం ఆ పాత మూలం నుంచి వచ్చినవే.

గోడ మీద రాత గురించి నాకు పెద్ద ఆసక్తి లేదు. ప్రతి స్కూలూ రాస్తుంది. అది పిల్లల ఒంట్లోకి ఎలా దిగుతుందన్నదే నాకు ముఖ్యం. పిల్లల చేత చదివించడానికి నేను వలంటీరుగా వెళ్లే స్కూల్లో ఒక మధ్యాహ్నం అది కళ్లారా చూశాను. ఇయర్ టూ (ఆరేడేళ్ల) పిల్లలిద్దరు బంతి దగ్గర కొట్టుకున్నారు. ఒకడు తోశాడు, రెండోవాడి మోకాలు గీసుకుపోయింది. మనమైతే ఏం చేస్తాం? 'సారీ చెప్పు, షేక్‌హ్యాండ్ ఇచ్చుకోండి, పోయి ఆడుకోండి.' అక్కడి టీచింగ్ అసిస్టెంట్ అలా పంపేయలేదు. ముందు మోకాలి మీద తడి పేపర్ టవల్ పెట్టింది. ఇద్దరినీ బెంచీ మీద కూర్చోబెట్టి, తను కిందికి వంగి వాళ్ల కళ్లలోకి చూస్తూ ఒక్కో ప్రశ్నే అడిగింది. ఏం జరిగింది? అప్పుడు నువ్వేం అనుకున్నావు? దీనివల్ల ఎవరికి బాధ కలిగింది? సరిచేయాలంటే ఇప్పుడు ఏం చేద్దాం?

తోసినవాడు మొదటి రెండింటికీ గబగబా చెప్పేశాడు. మూడోదాని దగ్గర ఆగిపోయాడు. ఆవిడ తొందరపెట్టలేదు. గంట మోగింది, మిగతా పిల్లలు లైన్ కట్టారు, అయినా కదల్లేదు. చివరికి వాడు 'వాడికి, వాళ్లమ్మకి కూడా, ప్యాంటు చిరిగింది కదా' అన్నాడు. నాలుగో ప్రశ్నకు జవాబు దెబ్బ తగిలినవాడి నుంచి వచ్చింది: 'రోజూ నన్నే గోల్‌కీపర్‌గా పెడతారు. రేపు పెట్టొద్దు.' అసలు గొడవ అదీ. ఒక్క సారీతో పంపేసి ఉంటే అది బయటికి వచ్చేదే కాదు, మర్నాడు మళ్లీ కొట్టుకునేవాళ్లు.

ఈ నాలుగు ప్రశ్నలూ ఇంగ్లండ్‌లో చాలా స్కూళ్లలో వాడుకలో ఉన్నాయి, చర్చి స్కూళ్లలోనే కాదు. కానీ ఆ స్కూల్లో ఆ నెల విలువ క్షమ. పొద్దున అసెంబ్లీలో శిష్యుడు పేతురు యేసును 'ఎన్నిసార్లు క్షమించాలి, ఏడుసార్లా?' అని అడిగిన ఘట్టం విన్నారు. మధ్యాహ్నానికి అదే పాఠం ప్లేగ్రౌండులో బెంచీ మీద సాగింది. కథ, మాట, చేత ఒకే రోజులో ఒకదానికొకటి తగలడం చదువులో అరుదు. లెక్కల క్లాసులో కూడా మనం కోరుకునేది ఇదే కదా, సూత్రం చెప్పిన రోజే లెక్క చేయించడం.

అన్నీ ఇంత బాగా జరుగుతాయని అనను. మంచి పనికి స్టికరు ఇచ్చే పద్ధతి నాకు నచ్చదు. పక్కవాడికి పెన్సిలిచ్చిన పిల్ల వెంటనే టీచరు చూసిందా లేదా అని తలతిప్పి చూసిందంటే ఆమె నేర్చుకున్నది ఇంకేదో. టిన్నుల సేకరణ కూడా అంతే. అమ్మ అల్మారాలోంచి తీసి బ్యాగులో పెట్టిన డబ్బాను బల్ల మీద పెట్టడం పిల్లకు ఏమీ నేర్పదు. ఫుడ్ బ్యాంకువాళ్లు ఏం కావాలో జాబితా ఇస్తారు. ఆ జాబితా పిల్ల చేతికిచ్చి షాపులో తననే వెతకమంటే సంగతి మారుతుంది. టిన్నులో పళ్లెందుకు, చాలాకాలం నిలవుండే పాలెందుకు అని అడుగుతుంది. ఫ్రిజ్ లేని ఇల్లు, కరెంటు బిల్లుకు భయపడి పొయ్యి వెలిగించని ఇల్లు ఉంటాయని ఆ ప్రశ్నల్లోంచే తెలుస్తుంది. ట్రస్సెల్ సంస్థ తొలి ఫుడ్ బ్యాంకు 2000లో సాల్స్‌బరీలో మొదలైంది, తన పిల్లలు ఆకలితో పడుకుంటున్నారని ఒక తల్లి చేసిన ఫోన్ కాల్‌తో. ఇప్పుడు అవి దేశమంతా ఉన్నాయి. మన పిల్లల క్లాసులోనే వాటి మీద ఆధారపడ్డ ఇంటి బిడ్డ ఉండొచ్చు. అందుకే ఎవరు ఎన్ని టిన్నులు తెచ్చారో లెక్క చెప్పని స్కూలంటే నాకు గౌరవం.

మతం గురించి మనవాళ్లకున్న టెన్షన్‌ను నేను తేలిగ్గా తీసుకోను. పూజగది ఉన్న ఇంటి నుంచి, నమాజు చేసే ఇంటి నుంచి పిల్లను రోజూ ప్రార్థన జరిగే బడికి పంపేటప్పుడు సందేహం రావడం సహజం. రెండు సంగతులు తెలుసుకుంటే అది కొంత సర్దుకుంటుంది. రోజూ కలెక్టివ్ వర్షిప్ (పిల్లలంతా కలిసి చేసే ప్రార్థన) ఉండాలన్న నియమం 1944 చట్టం నాటి నుంచి ప్రభుత్వ నిధులతో నడిచే స్కూళ్లన్నిటికీ ఉంది, చర్చివాటికే కాదు. కారణం చెప్పకుండానే పిల్లను దాని నుంచి మినహాయించమని అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉంది. ఆ హక్కు ఉండాల్సిందే. కానీ వాడేముందు ఒకసారి వెళ్లి చూడండి. 'నేనిప్పుడు ఒక ప్రార్థన చెబుతాను, ఇది మీది కూడా కావాలనుకుంటే చివర ఆమెన్ అనండి, లేదంటే కాసేపు నిశ్శబ్దంగా కూర్చోండి' అని టీచరు చెప్పే తీరు వింటే అందులో బలవంతం ఎంతో, ఆహ్వానం ఎంతో మీకే తెలుస్తుంది. క్రిస్టింగిల్ అనే క్రైస్తవ వేడుక రోజున నారింజకు ఎర్ర రిబ్బను చుట్టి, కొవ్వొత్తో గ్లో స్టిక్కో గుచ్చి, నాలుగు పుల్లలకు ఎండుద్రాక్ష కూర్చే పని పిల్లలందరూ ఇష్టంగా చేస్తారు. ఆ నారింజ ప్రపంచమనీ, వెలుగు క్రీస్తు అనీ చెబుతారు. అది క్రైస్తవుల నమ్మకమని చెప్పి, మన ఇంట్లో దీపం ఎందుకు పెడతామో ఆ సాయంత్రమే పిల్లకు చెప్పుకోవచ్చు. అడిగే వయసులో చెప్పినది నిలుస్తుంది.

నాకు మతమార్పిడి భయం కంటే ఇంకో విషయం ఎక్కువ బాధ కలిగిస్తుంది. గుడ్ సమారిటన్ కథనే తీసుకోండి. దొంగలు కొట్టి పడేసిన మనిషిని దాటుకుని పూజారి వెళ్లిపోయాడు, గుడి సేవ చేసే లేవీయుడు వెళ్లిపోయాడు. ఆగి గాయాలు కట్టి సత్రానికి చేర్చినవాడు సమరయుడు. యూదులు సమరయులతో పొత్తు పెట్టుకోని రోజులవి. తక్కువగా చూసే జాతివాడే ఇక్కడ పొరుగువాడయ్యాడు. కథకు ప్రాణమంతా అక్కడే ఉంది. మంచి టీచర్లు దీన్ని పిల్లల చేత నేటి కాలానికి మార్చి ఆడిస్తారు. మీ కథలో సమరయుడు ఎవరు అని అడుగుతారు. పిల్లలు కష్టపడి ఆలోచిస్తారు.

ఆ పిల్లే శనివారం మనింటి పార్టీకి వస్తుంది. కొత్తగా వచ్చిన కుటుంబం గురించి పెద్దలు మాట్లాడుకుంటుంటే వింటుంది. 'ఇంటిపేరేంటి? ఏ ఊరు? మనవాళ్లేనా?' ఆ ప్రశ్నల అర్థం తెలియకపోయినా జవాబు విన్నాక మన మొహాల్లో వచ్చే మార్పు తనకు తెలుస్తుంది. ఆరేడేళ్ల పిల్లలకు మొహాలు చదవడం అక్షరాలు చదవడం కంటే బాగా వచ్చు. తక్కువ అద్దెకిచ్చే కౌన్సిల్ ఇళ్లలో ఉండే పిల్లవాడి బర్త్‌డేకి మనం ఏదో సాకు చెప్పి పంపకపోవడం కూడా గమనిస్తుంది. తెలుగు సంఘాలు ఒకటి రెండై, రెండు నాలుగవడానికి కారణాల్లో కులం ఎంతుందో ఈ పత్రిక చదివేవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. సోమవారం స్కూలు చెప్పినదాన్ని శనివారం మనం చెరిపేస్తున్నాం. చెరిపేది ఇంటివాళ్లం కాబట్టి మన మాటకే బలం ఎక్కువ.

రెండో అడ్డు చదువు పేరుతో వస్తుంది. పరీక్ష పెట్టి పిల్లలను చేర్చుకునే ప్రభుత్వ హైస్కూలే గ్రామర్ స్కూలు; దాని ఎంట్రన్సు ప్రైమరీలో ఆఖరిదైన ఇయర్ సిక్స్ మొదట్లోనే, సెప్టెంబరులో ఉంటుంది. ఇంగ్లండ్ మొత్తానికి ఉన్నవి 163 గ్రామర్ స్కూళ్లు. పోటీ తెలిసిందే. దాంతో ఇయర్ ఫైవ్ మన ఇళ్లలో ట్యూషన్ల ఏడాది. సరిగ్గా ఆ వయసులోనే స్కూలు పిల్లలకు బాధ్యతలు అప్పగిస్తుంది: ప్లేగ్రౌండ్ లీడరు, రిసెప్షన్ (బడిలో మొదటి ఏడాది) పిల్లలకు రీడింగ్ బడ్డీ, ప్రార్థన ఏర్పాట్లలో పాలుపంచుకునే వర్షిప్ కౌన్సిల్. ఒక తల్లి నన్ను అడిగింది, 'అక్కా, మా వాడికి ఆ బడ్డీ డ్యూటీ వద్దని టీచరుకు మెయిల్ పెడితే ఏమైనా అనుకుంటారా? లంచ్ టైంలో రెండు పేపర్లు చేసుకుంటాడు' అని. ఆమె ఆరాటం నాకు అర్థమైంది. అయినా వద్దమ్మా అన్నాను. నాలుగేళ్ల బుడ్డోడికి పుస్తకం చదివి వినిపించాలంటే వేగం తగ్గించాలి, వాడు కిటికీ వైపు చూస్తే గొంతు మార్చాలి, అడిగిందే పదిసార్లు అడిగితే విసుక్కోకూడదు. పదేళ్ల పిల్లవాడికి ఇంత సాధన ఏ ట్యూషన్ ఇస్తుంది? ఇలా బిగ్గరగా చదివి వినిపిస్తే సొంత చదువు మెరుగుపడటం నేను చాలామంది పిల్లల్లో చూశాను.

మనం చేయాల్సినవి పెద్ద పనులు కావు. ఆఫ్‌స్టెడ్ రిపోర్టుతో పాటు సయామ్స్ రిపోర్టు కూడా చదవండి. ఆంగ్లికన్, మెథడిస్ట్ స్కూళ్లు తాము చెప్పుకునే విలువల ప్రకారం నిజంగా నడుస్తున్నాయా అని విడిగా జరిగే తనిఖీ అది, నెట్‌లో దొరుకుతుంది. పిల్ల ఇంటికి రాగానే 'ఈరోజు ఎవరితో ఆడుకున్నావు? ఎవరైనా ఒంటరిగా కూర్చున్నారా?' అని మార్కులకంటే ముందు అడగండి. స్కూళ్లకు చదివించేవాళ్లు ఎప్పుడూ కావాలి, మన అమ్మమ్మలూ తాతయ్యలూ కూడా వెళ్లొచ్చు. దానికి ముందు జరిగే డీబీఎస్ చెక్‌కు (నేరచరిత్ర ఉందేమో చూసే తనిఖీకి) వలంటీర్ల దగ్గర ప్రభుత్వం ఫీజు తీసుకోదు. ఇక స్కూలు పాలకమండలిలో తల్లిదండ్రుల తరఫున కూర్చునే పేరెంట్ గవర్నర్ ఎన్నిక. నామినేషన్ కాగితం బుక్ బ్యాగులోనో మెయిల్‌లోనో వస్తుంది, మనం చూడకుండా పక్కన పెడతాం. పదవీకాలం మామూలుగా నాలుగేళ్లు. స్కూలు బడ్జెట్టు దగ్గర్నుంచి ప్రవర్తన నియమాల దాకా ఆ బల్ల దగ్గరే తేలుతాయి. అసెంబ్లీ గురించి, స్టికర్ల గురించి, ఫుడ్ బ్యాంకు గురించి మన గ్రూపుల్లో అనుకునే మాటలన్నీ అక్కడ కూర్చుని అనొచ్చు. ఈసారి ఆ కాగితం వస్తే మీ పేరు రాసి పంపండి.