రిటైరయ్యేదాకా ఆగితే చాలా?

పర్యావరణ అనుమతి లేకుండా ప్రాజెక్టు కట్టేసి, ఆ తర్వాత తీరిగ్గా అనుమతి తెచ్చుకోవడం చెల్లదని 2025 మే 16న సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది నవంబరు 18, మంగళవారం అదే కోర్టు, బిల్డర్ల సంఘం వేసిన రివ్యూ పిటిషన్ (ఇచ్చిన తీర్పును మళ్లీ పరిశీలించమని అడిగేది) విని, 2:1 మెజారిటీతో ఆ తీర్పును వెనక్కి తీసుకుని, కేసును మళ్లీ మొదటి నుంచి వినాలంది. తీర్పు రాసిన జస్టిస్ అభయ్ ఓకా మే 24న రిటైరయ్యారు. ఆయనతో కలిసి సంతకం చేసిన జస్టిస్ ఉజ్జల్ భూయాన్ ఈ బెంచ్‌లోనూ ఉన్నారు, తన మాట మార్చుకోలేదు, గట్టిగా అసమ్మతి రాశారు. కాదన్న ఇద్దరూ, అంటే అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ గవాయ్, జస్టిస్ వినోద్ చంద్రన్, మే తీర్పులో లేనివారే. తీర్పు ఇచ్చినవారిలో ఒక్కరికీ అది తప్పనిపించలేదు. అయినా తీర్పు పోయింది.

జడ్జి వెళ్లిపోతే రివ్యూ వినేవాళ్లే ఉండకూడదని ఎవరూ అనరు. తీర్పు ఇచ్చిన బెంచ్ ముందుకే రివ్యూ వెళ్లాలన్న సుప్రీంకోర్టు నిబంధనలోనూ 'వీలైనంతవరకు' అనే మాట ఉంది. 2021, 2022లో ఇదే కోర్టు ఇచ్చిన భిన్నమైన తీర్పులను మే నాటి బెంచ్ చూడలేదని, దాదాపు 20 వేల కోట్ల రూపాయల ప్రభుత్వ నిర్మాణాలు కూల్చాల్సి వస్తుందని మెజారిటీ అంటోంది. ఒడిశాలోని ఎయిమ్స్ ఆసుపత్రిని ఉదాహరణగా చూపింది.

సరే. మరి 2017లో, 2020లో ఇదే కోర్టు ఇలా కట్టాక ఇచ్చే అనుమతులను తప్పుబట్టింది కదా? జస్టిస్ ఓకా నిలబడింది వాటి మీదే. పైగా అప్పటికే ఇచ్చేసిన అనుమతుల జోలికి ఆయన వెళ్లలేదు. పాత తీర్పులు ఒకదానితో ఒకటి పొసగకపోతే ఆ ప్రశ్నను విస్తృత ధర్మాసనానికి పంపే దారి ఉంది. మే తీర్పును అలాగే ఉంచి ఆ పని చేసి ఉండొచ్చు. రివ్యూ అంటే రెండో ఇన్నింగ్స్ కాదని మామూలు కక్షిదారులకు చెప్పేది ఈ కోర్టే. వాళ్ల పిటిషన్లు చాంబర్‌లో వాదనలు లేకుండానే ముగిసిపోతాయి. బిల్డర్ల సంఘం వచ్చేసరికి ఓపెన్ కోర్టు, పెద్ద లాయర్లు, సుదీర్ఘ వాదనలు!

2025లో ఇది మొదటిసారీ కాదు. దివాలా తీసిన భూషణ్ పవర్ అండ్ స్టీల్‌ను తీసుకునేందుకు జేఎస్‌డబ్ల్యూ కంపెనీ ఇచ్చిన ప్రణాళికను మే 2న జస్టిస్ బేలా త్రివేది బెంచ్ కొట్టేసింది. ఆమె రిటైరయ్యాక, జూలై 31న, ఆ తీర్పును వెనక్కి తీసుకున్నారు. సెప్టెంబరు 26న అదే ప్రణాళికకు పచ్చజెండా ఊపారు. అక్కడ మొదటి తీర్పులో ఉన్న జస్టిస్ సతీశ్ చంద్ర శర్మ రెండోసారీ బెంచ్‌లో ఉన్నారు, తానే మనసు మార్చుకున్నారు. అది కొంత నయం. ఇప్పుడు ఆ మాత్రం కూడా లేదు.

మా భయం ఈ ఒక్క తీర్పు గురించే కాదు. సుప్రీంకోర్టు జడ్జికి 65 ఏళ్లు ఎప్పుడు నిండుతాయో ఆయన చేరిన రోజే అందరికీ తెలుసు. ఓడిపోయిన కంపెనీ ఇకపై క్యాలెండర్ చూసుకుంటుంది. గెలిచినవాడికి మాత్రం ఆ తీర్పు ఎన్నాళ్లుంటుందో తెలియదు. ఫ్యాక్టరీల మురుగుకు చెరువులు పోగొట్టుకున్న పటాన్‌చెరు రైతును అడగండి, ముందు కట్టేసి తర్వాత పర్మిషన్ తెచ్చుకోవడమంటే ఏమిటో చెబుతాడు. అలాంటివాళ్లకు దొరికిన ఒక్క తీర్పునూ ఆరు నెలలకే లాగేసుకున్నారు.

జస్టిస్ గవాయ్ ఆ వారమే, నవంబరు 23 ఆదివారం పదవీ విరమణ చేశారు. మంగళవారం ఓడినవారు ఆ మర్నాడు సోమవారం పొద్దున్నే కొత్త రివ్యూ పట్టుకుని వచ్చి ఉంటే, కుదరదని ఏ ముఖం పెట్టుకుని చెప్పేవారు?