ఉస్సుమన్న రెండు మార్కులు

మన ఐటీఐ కుర్రాళ్లకు పర్యావరణం మీద బొత్తిగా శ్రద్ధ లేదని తేలిపోయింది. తేల్చింది మేమే, పెద్దవాళ్లం. పర్యావరణ దినోత్సవమని జూన్ 5న నెల్లూరులో ఒక సభ పెట్టి, పది అడుగుల ఫ్లెక్సీ కింద కూర్చుని, ప్లాస్టిక్ దుష్ఫలితాల గురించి గంటన్నర మాట్లాడాం. వెనక వరుస కుర్రాళ్లు వింటేగా! ఆగిపోయిన ఫ్యానును చూస్తూ కూర్చున్నారు. చివరికి ఒకడు బల్లెక్కి, ఎక్కడి నుంచో తెచ్చిన పాత కెపాసిటర్ బిగించి దాన్ని తిప్పాడు. సభామర్యాద ఏ స్థాయికి దిగజారిందో చూడండి.

బయట ఏసీ మెకానిక్ ట్రేడు కుర్రాణ్ని ఆపి, 'సుస్థిరత అంటే ఏమిటి బాబూ?' అన్నాను.

'పరీక్షలో వస్తుందా సార్?'

'వస్తుంది, రెండు మార్కులు.'

గడగడా అప్పజెప్పాడు. పాత ఏసీల్లోని ఆర్-22 గ్యాసు ఓజోన్ పొరను తినేస్తుందట. ఒక్క కిలో గాలిలో కలిస్తే, నూరేళ్ల లెక్కన సుమారు 1,800 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానమట. ఓజోన్‌ను కాపాడాలని దేశాలన్నీ చేసుకున్న మాంట్రియల్ ఒప్పందం కింద 2030 నాటికి మన దేశం దాన్ని దాదాపుగా వదులుకోవాలట. అందుకే మరమ్మతుకు ముందు ఆ గ్యాసును యంత్రంతో సిలిండర్లోకి లాగాలట. రెండుకు రెండూ వేసేశాను, మనసులోనే.

వారం తిరక్కుండా అదే కుర్రాడు మా ఏసీకి కంప్రెసర్ మార్చడానికి మేడ మీదికి వచ్చాడు. వాల్వు తిప్పాడు. ఉస్సుమంది.

'రెండు మార్కులు!' అని అరిచాను.

'ఆ యంత్రం మా ఓనరు దగ్గర లేదు సార్. మా ఐటీఐలో ఉంది. మేము ముట్టుకుంటే పాడవుతుందని గదికి తాళం వేశారు. అద్దెకు తెప్పించమంటారా? బిల్లు పెరుగుతుంది మరి.'

రోళ్లు పగిలే ఎండ. పర్యావరణం మీద నాకున్న నిబద్ధత మీకు తెలియంది కాదు. 'త్వరగా కానివ్వు నాయనా' అన్నాను.

వెళ్తూ వెళ్తూ మా పాత కంప్రెసర్ అడిగి తీసుకున్నాడు. వాళ్ల మామయ్య ముత్తుకూరు దగ్గర రొయ్యల గుంటల నీటికి గాలి అందించే ఏరేటర్లకు మోటార్లు వైండింగ్ చేస్తాడట. కాలిపోయినవాటిని మళ్లీ మళ్లీ చుట్టి తిప్పిస్తాడట. ఆ ఇంట్లో ఎవరూ కొత్తది కొననే కొనరనుకుంటాను, పాపం. ఇలాంటి వాతావరణంలో పెరిగిన పిల్లవాడికి సుస్థిరత ఎక్కడి నుంచి అబ్బుతుంది?

అందుకే మా సంఘం వ్యాసరచన పోటీ పెట్టాలని తీర్మానించింది. ఆ గది తాళం సంగతి ఎవరూ ఎత్తలేదు. హాలుకు ఏసీ ఉండి తీరాలని మాత్రం నేనే పట్టుబట్టాను.