మహారాజశ్రీ అసైన్‌మెంట్ గారి సముఖానికి

రాత్రి 10:40కి విన్నవించుకునేది ఏమనగా,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, ఉభయుల్లో మీరొక్కరే కుశలంగా ఉన్నారు. మీ గడువు 11:59. పన్నెండు అంటే ఏ రోజు పన్నెండో అని మేం తికమకపడతామని ఆ ఒక్క నిమిషం కోసేశారు. ఇరవై రోజులు గాలికి వదిలేసినవాడికి ఆ ఒక్క నిమిషం మీద ఎంత ప్రేమ పుట్టుకొస్తుందో మీకెలా తెలుస్తుంది!

మీతో నా మొదటి తగువేంటంటే, మీరు ఒక్కరు కాదు. ఐదుగురు. ఐదుగురూ ఒకే వారంలో దిగుతారు, అయినా ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఫిజిక్స్ గారికి కెమిస్ట్రీ గారనే మనిషి ఉన్నట్టే తెలియదు. ఎకనామిక్స్ గారు మరీనూ. వనరులు పరిమితం, కోరికలు అపరిమితం అని మొదటి పేరాలోనే రాయిస్తారు. ఆ మాట రాయడానికి నా దగ్గర మిగిలిన వనరు ఈ ఒక్క రాత్రే అన్న సంగతి మాత్రం ఆయనకు తట్టదు.

ముందే మొదలుపెట్టొచ్చుగా అంటారు. పెట్టానండీ. ఇచ్చిన రోజే ఫోల్డర్ తెరిచి పేరు పెట్టాను. పని సగం అయిపోయిందన్న తృప్తి ఆ పూటే వచ్చేసింది, అదే కొంప ముంచింది. ఇందులో నేను ఒంటరివాణ్ణి కాను. 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే ముగ్గురు పరిశోధకులు థీసిస్ రాస్తున్న విద్యార్థులను పట్టుకుని, ఎన్నాళ్లలో తెముల్తుందని అడిగారు. సగటున 34 రోజులన్నారు. అన్నీ అడ్డం తిరిగితేనో? ఓ 49 రోజులన్నారు. చివరికి పట్టినవి 55 పైచిలుకు. అంటే అన్నీ అడ్డం తిరిగినా పట్టనంత కాలం మామూలుగానే పట్టింది. ఆ పిల్లలు చదువుతున్నది సైకాలజీ! ఈ జబ్బుకు కానెమన్, ట్వెర్‌స్కీ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1979లోనే ప్లానింగ్ ఫాలసీ అని పేరు పెట్టారు. కాబట్టి నన్ను బద్ధకస్తుడనకండి. నా వెనక నలభై ఏళ్లకు పైబడిన పరిశోధన ఉంది.

ఇక మీ పేజీల పిచ్చి. పది పేజీలు నింపమంటారు, అదీ టైమ్స్ న్యూ రోమన్‌లోనే అంటారు. ఆ అక్షరాలు 1932లో లండన్ టైమ్స్ పత్రిక కోసం పుట్టాయి. ఇరుకు కాలమ్‌లో ఎక్కువ మాటలు పట్టాలని సన్నగా చెక్కారు. చోటు పొదుపు చేసే అక్షరాలను చేతిలో పెట్టి చోటంతా నింపమనడం మీకే చెల్లింది. అందుకే మాకు "అనాదిగా మానవుడు" అవసరమయ్యాడు. పర్యావరణం కానివ్వండి, బ్యాంకింగ్ కానివ్వండి, ఏ వ్యాసమైనా అనాదిగా ఆ మానవుడే మొదలుపెడతాడు. పాపం ఆయన లేకపోతే నాకు మొదటి పేజీయే లేదు.

కెమిస్ట్రీ గురించి ఎక్కువ చెప్పను. టైట్రేషన్ అంటే ద్రావణాన్ని చుక్కచుక్కగా పోసి కొలవడం, మూడుసార్లు చేస్తే ఒకే రీడింగ్ రావాలన్నారు. మూడోసారి బ్యూరెట్ అనే ఆ కొలత గొట్టం ముట్టుకోకుండానే వచ్చింది.

ప్రోగ్రామింగ్‌లో మాత్రం పాత కథ ఒకటి నా పాలిట నిజమైంది. తాళపత్రం చూసి రాస్తున్న లేఖకుడికి అసలు ప్రతిలో ఓ చచ్చిన ఈగ అతుక్కుని కనిపించిందట. తనూ ఓ ఈగను పట్టి, చంపి, సరిగ్గా అక్కడే అంటించాడట. హిందీలో మక్ఖీ అంటే ఈగ, మక్కీకి మక్కీ అనే మాట అలా పుట్టిందంటారు. నేను మిత్రుడి కోడ్ తీసుకుని వేరియబుల్స్ పేర్లన్నీ మార్చాను, స్పేస్‌లు కూడా మార్చాను. పైన కామెంట్‌లో వాడి రోల్ నంబరు మిగిలిపోయింది. అదే నా ఈగ. మేడమ్ ఏమీ అనలేదు, ఆ లైను కింద ఎర్ర గీత గీసి వదిలేశారు. తిట్టినా బాగుండేది.

ఆ పైన 2022 నవంబరు ఆఖర్లో చాట్‌జీపీటీ వచ్చింది. మా కాపీలు వెతికే మీరు, ఇప్పుడు యంత్రాన్ని వెతకడం మొదలుపెట్టారు. దాన్ని తయారు చేసిన సంస్థే, మనిషి రాశాడో యంత్రం రాసిందో చెప్పే తమ సొంత పనిముట్టును, కచ్చితత్వం చాలట్లేదని 2023 జూలైలో ఆపేసింది. అయినా మీ నమ్మకం మీది. మీరు వాడే సాఫ్ట్‌వేర్ ఏదో, నేను చెమటోడ్చి రాసిన పేరాను యంత్రం రాసిందని తేల్చింది. చదివి చూసుకున్నాను. అనాదిగా మానవుడు... దాని తప్పేం లేదు.

ఇదంతా సరదాకి. అసలు తగువు ఫిజిక్స్ గారితో.

సింపుల్ పెండ్యులమ్, అంటే దారానికి గుండు కట్టి ఊపి, భూమి ఎంత గట్టిగా లాగుతోందో కొలిచే ప్రయోగం. మీటరు దారం, 20 ఆసిలేషన్లు (అటూ ఇటూ ఊపులు), చేతిలో స్టాప్‌వాచ్. మిగతావాళ్లందరూ పుస్తకంలో ఉన్న 9.8 నుంచి వెనక్కి లెక్కలు కట్టుకుని రీడింగులు పుట్టిస్తుంటే, ఆ రోజు నాకేదో పూనకం వచ్చి నిజంగా చేశాను. 38.1 సెకన్లు వచ్చింది. గుణించి, భాగించి చూస్తే గురుత్వ త్వరణం దాదాపు 10.9! మళ్లీ చేశాను. మళ్లీ అంతే. భూమి నా టేబుల్ దగ్గర మాత్రం గట్టిగా లాగుతోంది. సార్ చూసి, "మార్చుకుని రా" అన్నారు. రెండే మాటలు. టేబుల్ నిండా ఉన్న అంకెలను రబ్బరుతో తుడిచి 9.79 తెప్పించాను. టిక్కు పడింది. గ్రాఫ్‌లో నా చుక్కలు గీత మీద ఎంత వినయంగా కూర్చున్నాయంటే, నిజం పెండ్యులమ్ చూస్తే సిగ్గుపడేది. జాగ్రత్తల కింద "ప్రయోగ సమయంలో ఫ్యాన్ ఆపవలెను" అని, ఫ్యాన్ కింద కూర్చుని రాశాను.

కొన్ని నెలల తర్వాత మెట్లు దిగుతూ ఊరికే లెక్కపెట్టుకుంటుంటే వెలిగింది. గుండు వదిలిన క్షణంలో నేను "ఒకటి" అన్నాను. అనాల్సింది "సున్నా". నేను కొలిచింది 20 ఆసిలేషన్లు కాదు, 19. వాటికి 38.1 సెకన్లు సరిగ్గా సరిపోతాయి. పీరియడ్, అంటే ఒక్క ఊపుకు పట్టే కాలం, తగ్గింది, సూత్రంలో భాగించే చోట అది వర్గంలో ఉంది కాబట్టి జవాబు పదకొండు శాతం ఉబ్బింది. మెట్ల మీద ఆగిపోయి నాలో నేనే నవ్వుకున్నాను. ఇన్నేళ్ల మీ సేవలో నా అంతట నేను కనిపెట్టింది అదొక్కటే. దాన్ని ఎక్కడ రాయాలో చెప్పండి? ఉద్దేశం, పరికరాలు, సూత్రం, పద్ధతి, పరిశీలనలు, ఫలితం, జాగ్రత్తలు... అన్నిటికీ గడులున్నాయి, తప్పెందుకు వచ్చిందో చెప్పడానికి లేదు. రబ్బరుకైతే పనుంది.

పూర్తయిన పనులకన్నా మధ్యలో ఆగినవే జ్ఞాపకంలో నిలుస్తాయని 1927లో బ్లూమా జీగార్నిక్ అనే సైకాలజిస్టు రాసింది. ఆవిడ మాట అన్నిటికీ నిలబడుతుందో లేదో గానీ, నా విషయంలో వంద పాళ్లు నిజం. మీకు సమర్పించుకున్న వందల పేజీల్లో ఒక్క వాక్యం గుర్తులేదు. ఆ 10.9 మాత్రం ఇంకా కళ్లముందే ఉంది.

ఈ రాత్రి నలుగురికి దండం పెట్టి పంపించాను. మిగిలింది మళ్లీ ఫిజిక్స్ గారే. గాజు పలక వక్రీభవన గుణకం, అంటే గాజు వెలుతురును ఎంత వంచుతుందో చెప్పే అంకె. పుస్తకంలో 1.5. నాకు 1.38 వచ్చింది. మూడుసార్లు చూశాను, కోణాలు ఎక్కడ చెడ్డాయో దొరకలేదు. ఫలితం గడి ఖాళీగానే ఉంది. పక్కనే రబ్బరు.

ఇప్పుడు 11:53.

ఇట్లు,
మీ రోల్ నంబరు

తా.క.: 11:56. 1.38 అనే వేశాను. కింద చోటు లేక, జాగ్రత్తల్లో ఫ్యాన్ లైను కొట్టేసి అక్కడే కారణాలు వెతకడం మొదలుపెట్టాను. పంపే బటన్ మాత్రం ఇంకా నొక్కలేదు.