కర్‌ని కోచ్‌ని చేసింది బెంచీయే

మా బరంపురంలో సాయంత్రం పూట పిల్లలాడే బాస్కెట్‌బాల్ కోర్టు ఒకటుంది. సిమెంటు పెచ్చులూడింది, రింగుకి వల లేదు. “ఇయ్యరా... దే, దే!” అని సగం తెలుగులో, సగం ఒడియాలో అరుపులు. బంతి మాత్రం పొడుగ్గా ఉన్న ఇద్దరి చేతుల్లోనే. మిగతావాళ్లు గట్టు మీద.

అమెరికాలో ఆటగాడిగా మొదలై కోచ్ అయిన స్టీవ్ కర్ కూడా గట్టు మీది మనిషే. అక్కడి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో జట్లు కొత్త ఆటగాళ్లని ఎంచుకునే 1988 డ్రాఫ్టులో 50వ పేరు. ఎత్తు ఆరడుగుల మూడంగుళాలు. మన వీధిలో తాటిచెట్టు, ఎన్‌బీఏలో పొట్టివాడు. 910 మ్యాచ్‌లాడి సగటున ఆరు పాయింట్లు చేశాడు. చాలామటుకు బెంచీ మీంచి లేచి వచ్చి ఆడినవే. అయితే మూడు పాయింట్ల షాట్లలో 45.4 శాతం గురి. కెరీర్ మొత్తం మీద ఆ లెక్క దాటినవాడు లేడు. 1997 ఫైనల్స్ ఆరో మ్యాచ్‌లో స్కోరు 86-86. కర్ ఆడే షికాగో జట్టు స్టార్ మైకేల్ జోర్డాన్‌ని ఇద్దరు చుట్టుముట్టారు. బంతి కర్‌కి వచ్చింది, బుట్టలో పడింది. షికాగోకి టైటిల్.

2014లో గోల్డెన్ స్టేట్ జట్టు పగ్గాలిచ్చేనాటికి అతను ఒక్క రోజు కూడా కోచ్‌గా చేసినవాడు కాదు. ఫిల్ జాక్సన్, పొపొవిచ్ లాంటి పెద్ద కోచ్‌ల దగ్గర ఆడాడు కాబట్టే గెలిచాడంటారు. వాళ్ల పక్కన కూర్చున్నవాళ్లు ఇంకా ఎంతమంది లేరు? జట్టులో స్టార్ ఆటగాడు స్టీఫెన్ కర్రీ ఉంటే ఎవరైనా గెలుస్తారన్న మాటా ఉంది. అదే కర్రీతో అంతకుముందు ఏడాది 51 గెలుపులు, మొదటి రౌండులోనే ఇంటికి. కర్ వచ్చాక 67 గెలుపులు, టైటిల్.

నాకు ముఖ్యమనిపించేది వేరే. 2015 ఫైనల్స్‌లో 2-1తో వెనకబడ్డారు. పొడుగాటి ఆటగాడు బోగట్‌ని పక్కనపెట్టి బెంచీ మీదున్న ఇగుడాలాని మొదట్నించీ ఆడించమని సలహా ఇచ్చింది 28 ఏళ్ల సహాయకుడు, నిక్ యురెన్. కర్ విన్నాడు. గెలిచాక ఆ ఆలోచన ఎవరిదో పేరు పెట్టి మరీ చెప్పాడు. ఆ తర్వాత మరో మూడు టైటిళ్లు, అమెరికా జట్టు కోచ్‌గా 2024 పారిస్ ఒలింపిక్స్ స్వర్ణం వచ్చాయి గానీ, నాకు ఆ ఒక్క నిర్ణయమే పెద్దది. ఏళ్ల తరబడి బెంచీ మీద కూర్చున్నవాడికి పక్కవాడి మాట చెవిన పడుతుంది.

మనకి గట్టు మీద కూర్చోవడం కొత్తేం కాదు. ఇక్కడ మనం తెలుగోళ్లం, ఇచ్ఛాపురం దాటితే ఒరిస్సావాళ్లం. జట్టు ఎంపికలప్పుడు మన పిల్లలు ఏ లెక్కలోకీ రాకుండా పోవడం నా చిన్నప్పుడూ చూశాను, ఇప్పుడూ చూస్తున్నాను.

మొన్న గట్టు మీద ఓ బక్కపిల్లాడు పక్కవాడితో అంటున్నాడు: “ఆడు ఎప్పుడూ కుడికే తిరుగుతాడు, చూడు.” చూశాను. నిజమే, ఐదుసార్లకి ఐదుసార్లూ. డ్రిల్లు మాస్టారు ఈల వేసి మళ్లీ ఆ పొడుగువాళ్లనే పిలిచారు.