బొజ్జ గారికి బహిరంగ లేఖ

బొజ్జ గారూ,

మీ పరపతి చూస్తే ముచ్చటేస్తుంది. కొత్తల్లుడికి మీరు వస్తే ‘మా అమ్మాయి వంట ఒంటబట్టింది’ అని మామగారు మురిసిపోతారు. ఎవరైనా మిమ్మల్ని తగ్గించుకుని ఊరెళ్తే మాత్రం ‘ఏంట్రా ఇలా చిక్కిపోయావు, షుగరా?’ అని వీధంతా పరామర్శకు వస్తుంది. షుగర్ రాకూడదనే చిక్కాడంటే ఒక్కరూ నమ్మరు.

మీ తెలివంతా ప్యాంటు దగ్గర చూడాలి. బెల్టును మెల్లగా మీ కిందికి జార్చేస్తారు. దాంతో మా ఆయన ‘డిగ్రీలో వేసుకున్న 34 సైజే ఇప్పటికీ’ అని చెప్పుకు తిరుగుతారు. నిజమే, 34 మీ కింద ఉంది. మీరెంతో ఎవరు కొలిచారు? మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటితే ప్రమాదమని మన డాక్టర్లు గీత గీశారు. కాళ్ళూ చేతులూ సన్నగానే ఉండి, మీరొక్కరే ముందు నడిచే మనుషులు మన దగ్గర కొల్లలు. అందుకే మనకు బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందా అని చూసే లెక్క) 23 నుంచే అధిక బరువు అంటారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ మామూలు లెక్కలో అది 25.

పైకి మెత్తగా కనిపిస్తారు గానీ అసలు సరుకంతా లోపల పేగుల చుట్టూ దాచారు. అక్కణ్ణుంచి కొవ్వు నేరుగా కాలేయానికి వెళ్తుంది. ఇన్సులిన్ మాట ఒంట్లో చెల్లదు. ఇక షుగరు, బీపీ, గుండెజబ్బు వంతులు వేసుకుని వస్తాయి. గురక సరే, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తుంటే ‘పగలంతా అలిసిపోయాడు పాపం’ అంటారు మా అత్తగారు.

మీ మీద యుద్ధం కూడా చూశాను. పరగడుపున నిమ్మరసం, తేనె. తొమ్మిదింటికి పూరీలు. పొట్ట కసరత్తులు చేస్తే మీరొక్కరే కరుగుతారని ఇంకో నమ్మకం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థేమో కంచంలో సగం కూరగాయలు, పండ్లే ఉండాలంటుంది. మా కంచంలో దొండకాయ వేపుడు గరిటెడు, అన్నం మాత్రం పప్పుకో వాయి, కూరకో వాయి, పచ్చడికి, సాంబారుకి, పెరుగుకి. బరువులో నూటికి 5 నుంచి 10 వంతులు తగ్గినా షుగరు, బీపీ కాస్త దారికొస్తాయట. కొందరికి మీరు వంశపారంపర్యంగానో, వాడే మందుల వల్లో, నిద్ర చాలకో వస్తారు. వాళ్ళని చూసి నవ్వేవాళ్ళకి ఈ ఉత్తరం చూపించకండి.

మిమ్మల్ని కొలవాలంటే ఆఖరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య, ఊపిరి వదిలాక టేపు పెట్టాలి. మా ఆయన ఊపిరి బిగబట్టి ‘89, రాసుకో’ అంటున్నారు. రాసుకోను. ఎంతసేపు బిగబడతారో చూస్తాను.

ఇట్లు,
టేపు పట్టుకుని నిలబడ్డ ఇల్లాలు