మేజర్ ఆడమ్స్ లెక్కల టీచరు కూడా

రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసిన నల్లజాతి అమెరికన్ సైనికాధికారిణి ఛారిటీ ఆడమ్స్ అర్లీ మీద మీ వ్యాసం బాగుంది గానీ, మొత్తం యూనిఫామ్ చుట్టూనే తిరిగింది. 1942లో అమెరికా సైన్యంలో చేరకముందు ఆవిడ సౌత్ కరొలైనాలో లెక్కల టీచరు. ఆ ముక్క ఒక్క వాక్యంలో తేల్చేశారు.

1945లో బర్మింగ్‌హామ్‌లో (ఇంగ్లండ్‌ది, అలబామాది కాదు) ఆవిడ నడిపిన 6888వ బెటాలియన్ (నల్లజాతి మహిళల సైనిక తపాలా దళం) పని చూడండి. సైనికులకు చేరని ఉత్తరాలు గుట్టలుగా పడున్నాయి. పార్సిళ్లలో పాడైపోయిన కేకులు, వాటికోసం ఎలుకలు. రాబర్ట్ స్మిత్ అనే పేరుతోనే వేలమంది! సుమారు 70 లక్షల కార్డులు పెట్టుకుని, సర్వీసు నంబరు చూసి ఎవరి ఉత్తరం ఎవరిదో తేల్చారు. ఆరు నెలలు గడువిస్తే మూడు నెలల్లో అవగొట్టారు. లెక్కల టీచరు ముద్ర కనబడటం లేదూ?

ఒక జనరల్ వచ్చి, యూనిట్ ఎలా నడపాలో చూపించడానికి తెల్ల లెఫ్టినెంట్‌ను పంపుతానంటే, నా శవం మీదుగా రావాలి సార్ అనేసింది. కోర్టు మార్షల్ అని బెదిరించి, చివరికి ఆయనే తగ్గాడు. నాకు మాత్రం ఇంకో సంగతి ఎక్కువ నచ్చుతుంది. లండన్‌లో నల్లజాతి మహిళలకు రెడ్‌క్రాస్ వేరే హోటల్ చూపిస్తే, అందులో దిగొద్దని తనవాళ్లకు చెప్పింది. పరుపులు బాగున్నా సరే, విడిగా పెట్టడం వద్దు.

యుద్ధం తర్వాత కాలేజీల్లో డీన్‌గా చేసి, ఒహాయోలోని డేటన్‌లో స్థిరపడి, 2002లో పోయింది.

ఒక సవరణ. వర్జీనియాలోని ఫోర్ట్ లీ అనే సైనిక స్థావరానికి 2023లో ఆవిడ పేరు కలిపి ఫోర్ట్ గ్రెగ్-ఆడమ్స్ అన్నారు, నిజమే. 2025లో తీసేసి మళ్లీ లీ చేశారు (ఈసారి అదే ఇంటిపేరున్న వేరే సైనికుడి పేరట!). వ్యాసంలో ఇంకా ఆడమ్స్ అనే ఉంది, సరిచేయగలరు.