లీక్ నారుకు ఆ కత్తెర ఎందుకండీ?

జూన్ వచ్చిందంటే చాలు, ఇంగ్లండ్‌లో కాస్త పెరడున్న మనవాళ్లంతా లీక్ (ఉల్లి జాతి కూరగాయ) నారు ముందేసుకుని కూర్చుంటారు. చేతిలో కత్తెర. నారు వేళ్లు అంగుళం మిగిల్చి కత్తిరించడం, ఆకులు సగానికి కోసేయడం, ఆ తర్వాతే నాటడం. ఎందుకండీ అంటే "ఇక్కడ అందరూ అలాగే చేస్తారు" అంటారు. చేస్తారు, కాదనను. ఇక్కడి పెద్దవాళ్లు చాలామందికి అది పాత అలవాటే. అయినా నేను ఒప్పుకోను.

మన దగ్గర వరి నారు కొసలు తుంచి నాటమంటారు. దానికో లెక్కుంది. కాండం తొలిచే పురుగు ఆకు కొసల దగ్గర గుడ్లు పెడుతుంది, కొస తుంచితే గుడ్లూ పోతాయి. లీక్‌కి ఆ లెక్కేది? ఆకు కోస్తే నీరు ఆవిరైపోవడం తగ్గుతుందంటారు. దానికి చల్లబడ్డాక సాయంత్రం నాటి, నీళ్లు దండిగా పోస్తే సరిపోదూ? తిండి తయారుచేసే ఆకునీ, నీళ్లు లాగే వేరునీ, మొక్క చోటు మారిన రోజే నరకడం ఏం న్యాయం? వేళ్లు మరీ పొడవై గుంతలో దిగకపోతే కొసలు కాస్త తీయండి. అది మన సౌకర్యానికి, మొక్క మేలుకి కాదు.

అసలు పట్టించుకోవాల్సింది లోతు. ఉల్లి నారు వేసిన చేతులు లీక్‌ని కూడా పైపైనే నాటేస్తాయి. ఉల్లికి అదే సరి, గడ్డ ఊరాలి కాబట్టి. లీక్‌లో మనం తినేది తెల్ల కాడ. వెలుతురు తగలకపోతేనే అది తెల్లగా ఉంటుంది. నారు జానెడు పొడవు, పెన్సిలంత లావు అయ్యాక, పాత పార కర్రతో 15 సెంటీమీటర్ల లోతు గుంత పొడవండి. మొక్కకీ మొక్కకీ 15, సాలుకీ సాలుకీ 30 సెంటీమీటర్లు. గుంతకో మొక్క జారవిడిచి, వేళ్లు అడుక్కి చేరాయో లేదో చూసి, నిండా నీళ్లు పోయండి.

మట్టి మాత్రం కప్పొద్దు. నీళ్లు గుడగుడమంటూ బుడగలు తేలుస్తూ ఇంకిపోతుంటే, గుంత అంచుల మట్టి కొద్దికొద్దిగా జారి వేళ్ల మీద కూర్చుంటుంది. అంతకుమించి అక్కర్లేదు. మిగతా ఖాళీ కాడ లావెక్కడానికి. చూడ్డానికి ఏమీ నాటనట్టే ఉంటుంది, నిజమే. పక్కన నిలబడ్డ పుణ్యాత్ములెవరో "అయ్యో, గుంతలు అలాగే వదిలేశారే" అని కాలితో మట్టి తోసేస్తారు. అది ఆకుల మడతల్లోకి దిగితే, డిసెంబరులో పప్పులో ఇసుక తగిలేది వాళ్లకి కాదు, మనకి.

ఈశాన్య ఇంగ్లండ్‌లోని నార్తంబర్లాండ్, డరమ్ బొగ్గుగని ఊళ్లలో పోటీలకని పొట్టిగా, బండగా పాట్ లీక్ పెంచే తాతల పద్ధతులు తెచ్చి నాకు చెప్పకండి. ఎవరైనా కోసి పాడుచేస్తారేమోనని రాత్రిళ్లు కాపలా కాసిన వాళ్లున్నారక్కడ. వాళ్ల లీక్ వేరు, వాళ్ల గోల వేరు.

కత్తెర మీద పెట్టే శ్రద్ధేదో వల మీద పెట్టండి. 2002లో ఈ దేశంలో బయటపడిన అలియం లీఫ్ మైనర్ అనే ఈగ వసంతంలో ఒకసారి, అక్టోబరు, నవంబరుల్లో మరోసారి గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగులు కాడలోకి దూరాక చేసేదేం లేదు, కుళ్లిపోతుంది. సెప్టెంబరులోనే సన్న కన్నుల వల కప్పేసి అంచుల మీద ఇటుకలు పెట్టండి. బరువైనవే పెట్టండి, ఇక్కడి గాలి సంగతి తెలిసిందేగా.